ఐసు మీద కూర్మయ్య మాట

మా కాలేజీలో ఫిజిక్సు ల్యాబుకీ లైబ్రరీకీ మధ్య ఒక తలుపు ఉంది. దానికి గడియ లేదు. ఎప్పుడూ జానెడు తెరుచుకునే ఉంటుంది. లైబ్రేరియన్ గారు ప్రసూతి సెలవు పెట్టినప్పుడు ఆ ఏడాదికి ఆ కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. ఎం.ఏ. తెలుగు చదివి ఇంట్లో ఉన్నదాన్ని. ఎవరితోనూ పెద్దగా మాట్లాడే పని ఉండదన్నారు, ఒప్పుకున్నాను. ఆ తలుపుకి గడియ ఉండి ఉంటే కూర్మయ్య గారు నాకు తెలిసేవారు కారు.

ఆయన ఫిజిక్సు ల్యాబు అటెండరు. ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కడే. గజపతినగరం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చే ఆడపిల్లలు చదువుకునే చిన్న డిగ్రీ కాలేజీ మాది. ఫిజిక్సు లెక్చరరు పోస్టు చాలా ఏళ్లు ఖాళీగా ఉండేదట. మరో కాలేజీ నుంచి వారానికి రెండు రోజులు ఎవరో వచ్చి పాఠం చెప్పి వెళ్లిపోయేవారు. ప్రయోగాల మాట కూర్మయ్య గారే చూసుకునేవారు. త్రాసు పెట్టెలు తుడవడం, తెగిన తీగలు అతకడం, స్టాప్‌వాచీలకి బ్యాటరీలు మార్చడం ఆయన పని. ఏ పిల్లకి ఏ కటకం ఇస్తే పగలగొట్టకుండా తెస్తుందో కూడా ఆయనకు తెలుసు. ఆ పోస్టులోకి లెక్చరరుగా విశాలి మేడమ్ వచ్చి ఏడాదిన్నరే అయింది.

ఏటా కొత్త పిల్లలు చేరగానే ఆయన ఒక ప్రయోగం చూపించేవారు. రంపపు పొట్టులో, గోనెలో చుట్టిన ఐసు దిమ్మను సైకిలు మీద తెచ్చి, రెండు స్టూళ్ల మధ్య వంతెనలా పెట్టేవారు. దాని మీదుగా సన్నటి తీగ వేసి, రెండు చివరలకీ అయిదేసి కిలోల తూకపు రాళ్లు వేలాడదీసేవారు. తీగ మెల్లగా దిమ్మలోకి దిగుతుంది. ముప్పావుగంటకో గంటకో అడుగు నుంచి బయటికొచ్చి రాళ్లతో సహా కింద పడుతుంది. దిమ్మ మాత్రం రెండు ముక్కలు కాదు. తీగ పోయిన దారి పోయినట్టే పూడుకుపోతుంది. కొత్త పిల్లలు వేళ్లతో తడిమి తడిమి చూసేవారు.

"నొక్కితే కరుగుతాది, ఒగ్గేస్తే గడ్డకడతాది. ఎంత నొక్కితే అంత కరుగుతాది. ఐసు గుణం అది," అనేవారు ఆయన. పిల్లలు పాటలా వెనకాలే అనేవారు. పెళ్లిళ్లయి పిల్లల్ని ఎత్తుకుని సర్టిఫికెట్ల కోసం వచ్చినవాళ్లు కూడా వరండాలో ఆయన కనపడితే, "తాతా, ఎంత నొక్కితే అంత!" అని కేకేయడం నేను విన్నాను.

ఆయన దగ్గర ఒక పట్టుదల ఉండేది. కంటికి చూపించలేనిది నోటితో చెప్పకూడదని. "సూపించి సెప్తే మరిసిపోరమ్మా. ఉత్తినే సెప్తే నమ్ముతారు గానీ, అది నమ్మకమే, సదువు కాదు," అన్నారు ఒకసారి నాతో.

ల్యాబులో ఆయన వెనకాలే తిరిగే పిల్ల సింధూరి. బీయస్సీ రెండో సంవత్సరం. క్లాసులు అయిపోయాక బస్సుకి టైముంటే వచ్చి తూకపు రాళ్లు సర్దేది. సున్నితమైన త్రాసు పెట్టె తాళం ఆయన ఆ పిల్ల చేతికే ఇచ్చేవారు. ఫిబ్రవరి నెలాఖరున విజయనగరంలో జిల్లా సైన్సు పోటీ పెడితే మా కాలేజీ తరఫున ఆ పిల్లే వెళ్లింది. గెలిచినవాళ్లని పదిహేను రోజులు ఒక పెద్ద పరిశోధనాలయానికి తీసుకెళ్తారు. చివరి ఇద్దరిలో సింధూరి ఉందని ఫోనొస్తే కూర్మయ్య గారు వరండా అంతా తిరిగి అందరికీ చెప్పారు. సాయంత్రానికి ఓడిపోయిందని తెలిసింది. "రెండో ప్రైజు తేవడం తక్కువేటి?" అన్నారు. కానీ మర్నాడు సింధూరి ల్యాబుకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వరండాలో ఆయన ఎదురొస్తుంటే అటు మెట్లెక్కి వెళ్లిపోయింది.

మూడోనాడు మధ్యాహ్నం విశాలి మేడమ్ లైబ్రరీకి వచ్చి, నా బల్ల ముందు కూర్చుని, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. చివరి ప్రశ్న జడ్జీగా వచ్చిన ఒక పెద్దాయన అడిగాడట, మంచుగడ్డ మీద ఒత్తిడి పెంచితే ఏమవుతుందని. కరుగుతుందంది సింధూరి. ఇంకా పెంచితే? ఇంకా కరుగుతుంది, ఎంత నొక్కితే అంత, అంది.

"ఆయన నవ్వాడండీ. 'ఈ సైన్సు నీకెవరు చెప్పారమ్మా, మీ కాలేజీ అటెండరా?' అన్నాడు. ఊరికే వెక్కిరింతకి అన్నాడు. హాలంతా నవ్వారు. ఈ పిల్ల తల దించుకుని, 'కాదండీ, నేనే అనుకున్నాను' అంది."

తలుపు అవతల ఏదో ఇనుప వస్తువు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. కూర్మయ్య గారు చేతిలో తుడుపుగుడ్డతో నిలబడి ఉన్నారు.

"నా పేరు సెప్పనేదా మేడమ్ గారూ, ఆ పిల్ల?"

మేడమ్ లేచి నిలబడ్డారు. "లేదు కూర్మయ్య గారూ."

"నాను సెప్పింది తప్పా?"

"సగం మాట తప్పు కాదు. నొక్కితే కరుగుతుందన్నది పుస్తకంలో ఉన్నదే. కానీ దానికో హద్దుంది. ఆ హద్దు దాటి నొక్కితే కరగదు. మళ్లీ గడ్డకడుతుంది. వేరే రకం మంచు అవుతుంది."

"వేరే రకం అంటే?"

"ఇప్పటికి ఇరవైకి పైగా రకాలు కనిపెట్టారు."

కూర్మయ్య గారు చేతిలోని తుడుపుగుడ్డ మడిచారు. ఆ తరవాత, తనలో తాను లెక్క చూసుకుంటున్నట్టు చెప్పారు. ఒక ఏడాది ఎవరో పిల్ల, "ఇంకా బరువు కడితే ఏటవుతాది తాతా?" అని అడిగిందట. అడగడానికి లెక్చరరు లేరు. ఈయన అయిదు కిలోల రాళ్లు తీసి పదేసి కిలోలు కట్టారు. తీగ ఇంకా వేగంగా దిగింది. "కళ్లారా సూసీసి, అప్పుడు ఆ రెండో మాట కలిపేను. పదికి నిజమైతే పదివేలకీ నిజమే అనుకున్నాను."

"నిరుడు నేనూ విన్నాను ఆ మాట," అన్నారు విశాలి మేడమ్. "మీరు చెప్పే తీరు ముచ్చటగా ఉంది కదా అని ఊరుకున్నాను. నేను ఊరుకోకుండా ఉండాల్సింది."

ఆయన మార్చి నెలాఖరునే రిటైరవుతారు. ఇంకా నాలుగు వారాలే ఉన్నాయి.

మర్నాడు భోజనాల వేళ క్యారేజీతో సహా నా దగ్గరికొచ్చి కూర్చున్నారు. "అమ్మా, ఐసు గురించి ఏటైనా పుస్తకం ఉన్నాదా? ఇంగిలీసైతే నువ్వు తెలుగులో సెప్పు." పాత పత్రికల కట్టల్లో వెతికితే ఒక వ్యాసం దొరికింది. నాకు సైన్సు రాదు. ముందురోజు నిఘంటువు పెట్టుకుని చదువుకుని, మర్నాడు ఆయనకు చెప్పేదాన్ని. అలా వారం గడిచింది. ఆయన ముద్ద చేతిలో పట్టుకుని తినడం మరిచిపోయేవారు.

మన తల మీద గాలి మోపే బరువుకి పదివేల రెట్లు మోపితే, ఈ ఎండాకాలంలో ఈ గదిలోనే, నీళ్లు చల్లబరచకుండానే గడ్డకడతాయట. దాన్ని ఆరో రకం అంటారు. ఆ ముక్కని నీళ్లలో వేయగలిగితే మునిగిపోతుంది. ఇంకా నొక్కితే ఏడో రకం. అది మరిగే నీళ్లంత వేడెక్కినా కరగదు. భూమి లోపల ఎంతో లోతున పుట్టిన వజ్రాల్లో ఆ ఏడో రకం చిక్కుకుని దొరికింది.

"కాల్తా కాల్తా గడ్డగానే ఉంటాదా?"

"ఉంటుందట."

"ఎవుడు సూసేడమ్మా?"

"రెండు వజ్రాల కొనల మధ్య నీటిచుక్క పెట్టి నొక్కి చూశారట."

"వజ్రాలా!" అని నవ్వేశారు. "నాలుగు బీకర్లు అడిగితే రెండేళ్లయింది, ఇంతవరకూ రానేదు."

నవ్వు ఆగాక అసలు సంగతి బయటపెట్టారు. ఆయన తండ్రి శ్రీముఖలింగంలో దీపాలు పెట్టే సేవ చేసేవాడట. ఎప్పుడైనా వత్తి వేయడంలోనో నూనె పోయడంలోనో పొరపాటు జరిగితే, మర్నాడు పొద్దున్న అదే దీపపు కుందె దగ్గర నిలబడి, నలుగురూ వినేలా, నిన్న ఫలానాది తప్పు చేశానని చెప్పుకునేవాడట. గుడిలో ఎవరూ చెప్పమనలేదు. అది వాళ్ల ఇంటి పద్ధతి. తప్పు ఎక్కడ చేస్తే అక్కడే చెప్పుకోవాలి, ఇంకోచోట చెప్పుకుంటే పోదు.

"నాను తప్పు సెప్పింది ఆ బల్ల దగ్గర. ఆ బల్ల దగ్గరే సెప్పుకోవాల. ఉద్యోగం అయిపోతే ఆ బల్ల నాది కాదు. కానీ సూపించకుండా ఎలా సెప్పేది? మొదటిది సూపించి సెప్పేను కనకే ఇన్నేళ్లూ పిల్లలు నమ్మేరు. రెండోది ఉత్త నోటిమాటగా సెప్తే దేన్ని గుర్తెట్టుకుంటారు? తప్పునే గుర్తెట్టుకుంటారు."

చూపించాలన్న పట్టు మీద ఆ ఆదివారం ఆయన చేసిన పని ఆయన భార్య లక్ష్మణమ్మ గారు వచ్చి చెబితే తెలిసింది. ఆమె మొగుడి క్యారేజీ ఇవ్వడానికొచ్చి, నన్ను చూసి మెట్ల మీద కూలబడ్డారు.

"ఓలమ్మా, నువ్వేనా మా ఆయనకి ఐసు సదివి ఇనిపించేది? నీకు పుణ్యం ఉంటాది, మానీయ్. రాత్రి నిద్దట్లో కూడా ఆరో రకం, ఏడో రకం అంతన్నాడు. నిన్న లారీల షెడ్డుకెల్లి జాకీ కింద ఐసెట్టి నొక్కించాడంట!"

నిజమే. గంగరాజు అనే మెకానిక్కు దగ్గరికెళ్లి, మందపాటి ఇనుప గొట్టంలో ఐసు ముక్కలు దట్టించి, పైన ఇనుప దిమ్మ పెట్టి, లారీ జాకీతో నొక్కించారు. "తాతా, సోడా గావాలంటే కొట్టుకెల్లి తాగొచ్చు గదా, ఐసుని సంపేస్తావేటి?" అంటూనే గంగరాజు జాకీ ఎత్తాడు. గొట్టం అంచుల నుంచి నీళ్లు చివ్వున చిమ్మి ఇద్దరి మొహాలూ తడిసిపోయాయి. లోపల ఐసంతా నీళ్లయిపోయింది.

"నొక్కితే కరిగిపోయినాది గదా తాతా! నువ్వెప్పుడూ సెప్పేదే గదా!" అని గంగరాజు సంబరపడ్డాడు. గంగరాజు కూతురు మా కాలేజీలోనే చదివింది. ఆ మాటా, 'తాతా' అన్న పిలుపూ కూతురి దగ్గర నేర్చినవే.

విశాలి మేడమ్ ఆ సంగతి విని మందలించారు. గొట్టం పగిలి ఉంటే ఏమయ్యేదని. జాకీ ఇచ్చే ఒత్తిడికి ఎన్నో రెట్లు కావాలనీ, ఆ గొట్టం అంతదాకా తట్టుకోదనీ కాగితం మీద వేసి చూపించారు. కూర్మయ్య గారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి లైబ్రరీకి రావడం మానేశారు. తలుపు సందులోంచి చూస్తే, తుడిచిన త్రాసునే మళ్లీ తుడుస్తూ కనిపించేవారు.

ఆ మధ్యలోనే సింధూరి నా దగ్గరికి ఒక పుస్తకం వాపసివ్వడానికి వచ్చింది. పుస్తకం మీద ముద్ర వేస్తూ, నేను తల ఎత్తకుండా అడిగాను, ల్యాబుకి ఎందుకు వెళ్లడం లేదని.

"కోపమేటి కాదక్కా. అటెల్తే తాత అడుగుతాడు, పోటీలో ఏటడిగేరని. నాకు అబద్దం ఆడడం రాదు. తాత రిటైరయిపోయినంతవరకూ ఇలా తప్పించుకుంటే సరిపోతాది."

ఆయనకు ఎప్పుడో తెలిసిపోయిందని చెప్పాను. ఆ పిల్ల మొహం ఎర్రబడిపోయింది. "అయ్యో. అయితే ఇక మరీ ఎల్లలేను," అని పరుగులాంటి నడకతో వెళ్లిపోయింది. చెప్పి తప్పు చేశానేమో అని ఆ రాత్రంతా అనుకున్నాను.

రిటైరవడానికి వారం ఉందనగా, సంత రోజున, కూర్మయ్య గారు మళ్లీ వచ్చారు. చొక్కా గుండీ ఒకటి తెగిపోయి ఉంది. చెమటతో తడిసి ముద్దయి ఉన్నారు. "దొరికిందమ్మా!" అన్నారు. నా బల్ల మీదున్న తేదీల ముద్రలు, జిగురు డబ్బా, పెన్నులు అన్నీ లాగి నిలబెట్టి చూపించడం మొదలుపెట్టారు.

ఆ పొద్దున ఆయన ఎక్కినప్పుడు బస్సులో ఎవరి సీట్లో వాళ్లు కూర్చున్నారట, పక్కన సంచీ, కాళ్ల దగ్గర గంప, మధ్యలో బోలెడు ఖాళీ. బొండపల్లిలో జనం ఎక్కారు. కూర్చున్నవాళ్లు జరిగారు, సంచులు కదిలాయి, అందరూ అటూ ఇటూ కలిసిపోయారు. ఇంకో రెండు ఊళ్లలో సంతకెళ్లేవాళ్లు మేకపిల్లలతో సహా ఎక్కారు. అంతే, ఇక ఒక్కడూ కదల్లేడు. డ్రైవరు బ్రేకు కొడితే ఒక్కడూ పడలేదు. ఈయన చొక్కా గుండీని ఎవరి బుట్టో లాక్కుపోయింది, చెయ్యి ఎత్తి పట్టుకుందామన్నా చెయ్యి రాలేదు.

"మొదట ఐసు. తరవాత నీలు. తరవాత ఇంకో ఐసు! మేడమ్ గారు సెప్పేరు గదా, మామూలు ఐసులో మధ్యన ఖాళీ ఉంటాదని. నొక్కితే ఆ ఖాళీ కూలిపోయి నీలవుతాదని. ఇంకా నొక్కితే సందే నేకుండా సర్దుకుంటాదని. సూసేనమ్మా! లోపల్నించి సూసేను!"

విశాలి మేడమ్‌కి ఇది ఎంత నచ్చిందంటే, ఇది పోలికే గానీ ప్రయోగం కాదని పిల్లలకు స్పష్టంగా చెప్పాలని మాత్రం షరతు పెట్టి, ఫిజిక్సు పిల్లలందరినీ ఆఖరి రోజుకి ముందురోజు ల్యాబుకి రమ్మన్నారు. కూర్మయ్య గారు నన్నొక్కటి అడిగారు. "ఆ పిల్లని రమ్మని సెప్తావా అమ్మా? ఆ పిల్ల ఇనకపోతే నాను ఎవరికి సెప్పుకున్నా ఒకటే."

చెప్పాను. సింధూరి వస్తాననలేదు, రాననలేదు.

ఆ రోజు ల్యాబులో నలభై మంది దాకా ఉన్నారు. గడియ లేని ఆ తలుపు దగ్గర నేను నిలబడ్డాను. దిమ్మ తెచ్చారు, తీగ వేశారు, రాళ్లు కట్టారు. తీగ దిగడం మొదలయ్యాక, ఆయన ఖాకీ చొక్కా సర్దుకుని, బల్ల అంచు మీద చెయ్యి పెట్టారు. ఒకసారి గుమ్మం వైపు చూశారు. ఇంకోసారి చూశారు. సింధూరి లేదు. మేడమ్ వాచీ చూసుకున్నారు. ఇక చేసేదిలేక ఆయన నోరు తెరవబోతుంటే బయట చెప్పుల చప్పుడైంది. సింధూరి వచ్చి, గుమ్మంలోనే, సంచి గుండెకి హత్తుకుని నిలబడింది.

"పిల్లలూ, ఈ బల్ల దగ్గర ఇన్నేళ్లూ నాను రెండు మాటలు సెప్పేను. మొదటిది నిజం. రెండోది తప్పు. ఎంత నొక్కితే అంత కరుగుతాదన్నది నాను కలిపిన మాట. పదికిలోలకి సూసీసి, అంతా సూసేసినట్టు సెప్పేను. ఆ మాట నమ్మి ఒక పిల్ల నలుగుర్లో నవ్వులపాలయింది. నా పేరు సెప్పమంటే సెప్పనేదు. తప్పు నాది. ఆ పిల్లది కాదు."

ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో ఒక పిల్ల ముక్కు తుడుచుకుంది. కూర్మయ్య గారు తడబడకుండా వెంటనే తాడు తీశారు, ఏడుపులకి తనకు ఓపిక లేనట్టు. "ఇప్పుడు నిజం సూపిస్తాను. అచ్చం ఐసు కాదు, ఐసులాంటిది. మీరే ఐసు."

పిల్లల్ని మధ్యకి రమ్మన్నారు. ఆరుగురు చొప్పున చేతులు చాపి ఒకళ్ల వేళ్లు ఒకళ్లు పట్టుకుని నిలబడమన్నారు. మధ్యలో ఖాళీలు. ఇది మన ఐసు. చుట్టూ తాడు తిప్పి, చివరలు ఇద్దరు గట్టి పిల్లల చేతికిచ్చారు. తాడు బిగిసింది. చేతులు విడిపోయాయి, పిల్లలు కిలకిలమంటూ ఒకళ్ల మీద ఒకళ్లు దొర్లారు. "ఇది నీలు! తిరగండి, తిరగండి!" మళ్లీ బిగించమన్నారు. కాళ్లు తొక్కుకున్నారు, జడలు చిక్కుకున్నాయి.

"సింధూరీ, నువ్వూ రా, నువ్వు నేకపోతే లెక్క కుదర్దు," అని లోపల్నించి ఎవరో చెయ్యి పట్టి లాగారు. సంచి నా చేతిలో పడింది. ఇంకొంచెం బిగించారు. ఉన్నట్టుండి కదలిక ఆగిపోయింది. భుజానికి భుజం, వీపుకి వీపు. నలభై మంది ఒక్క దిమ్మలా నిలబడిపోయారు.

"కరుగుతన్నారా?" అన్నారు కూర్మయ్య గారు.

"కరగట్నేదు తాతా!" అని నడిమధ్య నుంచి సింధూరి గొంతు వచ్చింది. "సెయ్యి కూడా రావట్నేదు! ఎవతే నా కాలు తొక్కింది?"

"అదే ఆరో రకం. అలాగే ఉండండి, గుర్తుండాల."

మేడమ్ నవ్వు ఆపుకుంటూ తాడు వదలమన్నారు. పిల్లలు చెల్లాచెదరయ్యారు. సింధూరి మాత్రం బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. చాలా రోజుల తరవాత ఆ ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు. ఏం మాట్లాడుకుంటారోనని నేను సంచితో సహా రెండడుగులు లోపలికి వేశాను.

"తాతా, ఆరో రకాన్ని ఇంకా నొక్కితే?"

"ఏడోది. అది కాల్తా కూడా కరగదంట. నాను సూడనేదు, అక్క సదివి సెప్పింది."

"దాన్ని ఇంకా నొక్కితే?"

"దూరం గ్రహాల్లో నల్లటి ఐసు ఉంటాదని అనుకుంటన్నారంట. సూర్యుడి మీదంత వేడిలో."

"దాన్నీ నొక్కితే?"

పిల్లలందరూ ఆగి ఆయన వైపు చూశారు. ఆయన తల గోక్కున్నారు. నా వైపు చూశారు, నేను తల అడ్డంగా ఊపాను. మేడమ్ వైపు చూశారు, మేడమ్ భుజాలెగరేశారు.

"నాకు తెల్దమ్మా," అన్నారు కూర్మయ్య గారు.

ముప్పై ఒక్క ఏళ్లలో ఆ బల్ల దగ్గర ఆయన ఆ మాట అనడం ఎవరూ వినలేదట. అన్న తరవాత ఆయన మొహంలో ఒక తేలిక కనిపించింది, ఎండలో నడిచొచ్చి చెప్పులు విడిచినవాళ్ల మొహంలో ఉండేలాంటిది. సింధూరి కాసేపు చూసి, "సర్లే, నేను కనుక్కుని సెప్తాను, నువ్వు బెంగెట్టుకోకు," అంది. అని, తాడు నేల మీంచి తీసి, మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్లు చుట్టడం మొదలుపెట్టింది.